స్కాన్‌లో మచ్చలన్నీ క్యాన్సర్ కావు

ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న పెద్దాయన ఎక్స్‌రేలో వెన్నెముక, కటి ఎముకలు సుద్దలా తెల్లగా కనిపించాయనుకోండి. క్యాన్సర్ ఎముకలకు పాకిందనే ఎవరైనా అనుకుంటారు. ఆ జబ్బు ఎముకలోకి చేరితే చాలాసార్లు అలా తెల్లబరుస్తుంది మరి. కానీ ఆయనది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె అయితే? అక్కడి బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఫ్లోరైడ్ కూడా ఎముకల్ని అలాగే మార్చేస్తుంది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బు, ఫ్లోరోసిస్, ఉందని వైద్య పత్రికలకెక్కింది.

అనుభవమున్న రేడియాలజిస్టు ఇలాంటప్పుడు ముంజేతి ఎక్స్‌రే తీయిస్తారు. అనుమానం వెన్ను మీదైతే చేతికి ఎక్స్‌రే ఎందుకని ఇంటివాళ్లకు విసుగొస్తుంది. ముంజేతిలో రెండెముకల నడుమ పలచటి పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో దాని అంచు వెంబడి సున్నం పేరుకుంటుంది. క్యాన్సర్ ఆ పని చేయదు. పైగా ఫ్లోరైడ్ తెలుపు వెన్నంతా దాదాపు ఒకే తీరుగా పరుచుకుంటే, క్యాన్సర్ మచ్చలు ఎక్కువగా ఇక్కడొకటి అక్కడొకటి, చిన్నా పెద్దాగా ఉంటాయి. అయితే రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండకూడదనేం లేదు. అందుకే ప్రొస్టేట్ క్యాన్సర్ జాడకు పీఎస్ఏ రక్తపరీక్ష, అవసరమైతే ఎముక బయాప్సీ.

పెట్ స్కాన్‌తో చిక్కు ఇంకో రకం. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను నరంలోకి ఎక్కించి, ఎక్కడ ఎక్కువ ఖర్చవుతోందో చూస్తారు. క్యాన్సర్ కణాలకు చక్కెర ఆకలి ఎక్కువ. ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలకూ అంతే. కాబట్టి ఛాతీలో టీబీ గ్రంథులు అచ్చం పాకిన క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో, ఆ వెలుగు చూసి సూదితో ముక్క తీసి చూడకుండానే నాలుగో స్టేజి అని రాసేయడం తొందరపాటే. తీసిన ముక్కను క్యాన్సర్ కోసమే కాదు, టీబీ కోసమూ పరీక్షించాలి.

స్కాన్‌కు ముందు టెక్నీషియన్ వేసే ప్రశ్నల్ని చాదస్తమనుకునేవాళ్లున్నారు. ఈమధ్య టీకా వేయించుకున్నారా, ఏ చేతికి? 2021లో కోవిడ్ టీకా వేసిన వైపు చంకలో గ్రంథులు వాచి ఎంతోమందిని హడలగొట్టాయి. కీమో తర్వాత తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ పడిందా? పడితే కొన్నాళ్లు ఎముక మజ్జ అంతా వెలుగుతుంది. చలికి వణికిన మనిషికైతే మెడ, భుజాల దగ్గరి గోధుమరంగు కొవ్వు వెలుగుతుంది. స్కాన్ దగ్గర దుప్పటి ఇచ్చేది మర్యాదకు మాత్రమే కాదు.

కిడ్నీల పైనుండే ఎడ్రినల్ గ్రంథుల్లో గడ్డ కనిపిస్తే మాత్రం ఓ అంకె సాయపడుతుంది. సీటీలో సాంద్రతను, ఆ యంత్రానికి 1979లో నోబెల్ పంచుకున్న హౌన్స్‌ఫీల్డ్ పేరిట ఉన్న యూనిట్లలో కొలుస్తారు. నీటికి సున్నా. కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన సీటీలో గడ్డ అంతటా 10 లోపు ఉంటే, అది దాదాపు ఎప్పుడూ కొవ్వు నిండిన హానిలేని గడ్డే.

అన్నిటికన్నా విచిత్రం బోన్ స్కాన్‌లో జరుగుతుంది. మందు బాగా పనిచేస్తున్నప్పుడే స్కాన్ చెడ్డగా కనిపించవచ్చు. ఈ స్కాన్ పట్టేది క్యాన్సర్‌ని కాదు, కొత్త ఎముక తయారయ్యే చోటుని. చికిత్సకు లొంగిన మచ్చ మానుతూ ఎముక కట్టుకుంటుంది గనుక ఇంకా నల్లగా తేలుతుంది. ఇదివరకు కనిపించనివి కూడా బయటపడతాయి. రెండు మూడు నెలల దగ్గర తీసిన ఆ ఒక్క స్కాన్ చూసి పనిచేస్తున్న మందు ఆపేస్తే నష్టపోయేది రోగే. నొప్పి తగ్గి, పీఎస్ఏ దిగుతుంటే ఆగి మళ్లీ స్కాన్ తీస్తారు. మానుతున్న మచ్చలే అయితే కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. నిజంగా పెరుగుతున్న జబ్బయితే తర్వాతి స్కాన్లో కొత్త మచ్చలు తోడవుతాయి.