గుర్తొచ్చిన వరుసలోనే

సినిమా మొదలైన కాసేపటికే ఎక్కడో ఫోన్ మోగుతుంది. నల్లమందు మత్తులో పడి ఉన్న ముఠావాడు నూడిల్స్ ఉలిక్కిపడి లేస్తాడు. దృశ్యం మారుతుంది: వాన కురుస్తున్న వీధి, ముగ్గురి శవాలు. ఫోన్ మోగుతూనే ఉంటుంది. మళ్లీ మారుతుంది: మద్యనిషేధం ఎత్తేస్తున్నారని సంబరాలు చేసుకుంటున్న జనం. ఇంకా మోగుతూనే ఉంటుంది. నూడిల్స్ వెళ్లి నంబరు తిప్పుతాడు. ఒక పోలీసు బల్ల మీద రిసీవర్ లేచాక గానీ ఆ మోత ఆగదు. ఇరవైసార్లకు పైగానే మోగుతుంది. ఎవరూ ఎత్తరేమిటని మనకు ఒళ్లు మండుతుంది. దర్శకుడు సెర్జియో లియోనికి కావలసింది ఆ మంటే. ఆ ముగ్గురు ప్రాణస్నేహితుల ఆచూకీ పోలీసులకు చెప్పింది నూడిల్సే. ఎందుకు చెప్పాడో తెలిసేసరికి సినిమా సగం దాటిపోతుంది. కానీ ఆ తప్పు బరువు మొదటి పది నిమిషాల్లోనే మన చెవుల్లోకి ఎక్కేసింది.

'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా' (1984) లియోనికి ఆఖరి సినిమా. హ్యారీ గ్రే నవల 'ది హుడ్స్' దీనికి ఆధారం. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో పెరిగిన యూదు కుర్రాళ్లు చిల్లర దొంగతనాలతో మొదలుపెట్టి, మద్యనిషేధం పుణ్యమా అని పెద్ద ముఠాగా ఎదుగుతారు. 1920ల నాటి బాల్యం, 1933 నాటి ద్రోహం, 1968 నాటి ముసలితనం ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి.

ఫ్లాష్‌బ్యాక్ మనకు కొత్తేమీ కాదు. అయితే మన సినిమాల్లో ఎవరో ఒకరు కథ చెప్పడం మొదలుపెడితే గతం వస్తుంది. లియోని సినిమాలో గతాన్ని వస్తువులు లాక్కొస్తాయి. 35 ఏళ్ల తర్వాత ఊరికి వచ్చిన నూడిల్స్ పాత మిత్రుడు మో చేతిలో పెట్టేది అతని గడియారం తాళంచెవి. ఆ రాత్రి, చిన్నప్పుడు తొంగిచూసిన గోడ కన్నంలోంచే మళ్లీ తొంగిచూస్తాడు. కెమెరా ఆ ముసలి కళ్ల దగ్గరికి వెళ్తుంది. అవతల అతను చిన్నప్పుడు మనసుపడ్డ డెబొరా గ్రామఫోన్ పాటకు నాట్యం సాధన చేస్తుంటుంది. చూస్తున్నవాడు మళ్లీ పిల్లాడైపోయాడు.

లియోని, సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనె రోమ్‌లో చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు. ఈ సినిమా బాణీలు షూటింగ్‌కు చాలా ముందే సిద్ధమయ్యాయి. సెట్లో వాటిని వినిపిస్తూ చిత్రీకరించారు. నూడిల్స్‌గా నటించిన రాబర్ట్ డి నీరో నడకలో, ఆగి చూసే చూపులో ఆ సంగీతపు లయ తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కేకు సన్నివేశం. ఆ ముఠాలోని ప్యాట్సీ అనే కుర్రాడు ఒక అమ్మాయి కోసం క్రీము కేకు కొంటాడు. అది ఇస్తే ఆమె వాడి కోరిక తీరుస్తుందని వాడి లెక్క. ఆమె స్నానం చేస్తోంది. వీడు మెట్ల మీద కూర్చుంటాడు. కాగితం కొంచెం విప్పి, వేలికంటిన క్రీము నాకి, మళ్లీ చుట్టేస్తాడు. మళ్లీ విప్పుతాడు. చివరకు అంతా తినేస్తాడు. ముఠా సినిమాలో ఇంతసేపు ఇదేమిటనిపించవచ్చు. వీళ్లు ఒకప్పుడు పిల్లలని ముందు నమ్మించకపోతే, తర్వాత వీళ్ల చావులు మనకు పట్టవు. మాన్‌హాటన్ వంతెన నీడలో అందరికన్నా చిన్నవాడు డొమినిక్ తూటా తగిలి, కాలు జారిందని మాత్రం చెప్పి నూడిల్స్ చేతుల్లో ప్రాణం వదిలినప్పుడు, ఆ కేకే మళ్లీ గుర్తొస్తుంది.

ఒప్పుకోలేనిదీ ఉంది. కారులో డెబొరా మీద నూడిల్స్ చేసే అత్యాచారాన్ని ఏ కళా సమర్థించలేదు. ఆమె బాధ దగ్గర నిలవవలసిన సినిమా మళ్లీ అతని దుఃఖం వెంటే వెళ్లిపోయింది. ఇది పెద్ద లోపం.

స్నేహం సంగతి చివర్లో తేలుతుంది. చచ్చిపోయాడనుకున్న ప్రాణస్నేహితుడు మాక్స్ వేరే పేరుతో, పెద్ద హోదాలో బతికే ఉన్నాడు. ముఠా డబ్బు, డెబొరా, నూడిల్స్ జీవితం, అన్నీ తీసుకున్నవాడు అతనే. ఇప్పుడు నన్ను చంపి బాకీ తీర్చుకో అంటాడు. నూడిల్స్ తుపాకీ ముట్టుకోడు. అతన్ని కొత్త పేరుతోనే 'మిస్టర్ బెయిలీ' అని పిలుస్తాడు. తన స్నేహితుడు మాక్స్ ఆనాడే పోయాడన్న నమ్మకాన్ని వదలడు. ద్రోహికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

కాన్ సినిమా పండుగలో 229 నిమిషాలు నడిచిన ఈ చిత్రాన్ని అమెరికా పంపిణీదారులు 139 నిమిషాలకు కోసి, కథను కాలక్రమంలో పేర్చి విడుదల చేశారు. సినిమా అక్కడ దెబ్బతింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ద్రోహం జరిగింది, ముసలివాళ్లయ్యారు అన్నట్టు వరసగా చెబితే మిగిలేది మామూలు ముఠా కథే. 1989లో లియోని 60 ఏళ్లకే కన్నుమూశాడు. 2012లో కాన్‌లోనే 251 నిమిషాల పునరుద్ధరించిన ప్రతిని చూపించారు.

చూడాలనుకునేవారికి ఒక్క మాట. 139 నిమిషాల ప్రతి దొరికితే పక్కన పెట్టేయండి. 229 నిమిషాలదే వెతుక్కుని, ఒక రాత్రంతా ఖాళీ చేసుకుని కూర్చోండి. ఫోన్ మోగుతున్నప్పుడు మాత్రం శబ్దం తగ్గించకండి.