ఇల్లు చూసిన చదువు

మా ఫిజియోథెరపీ కాలేజీలో కేస్ ప్రెజెంటేషన్ రోజున విద్యార్థులు బాగా సిద్ధమై వస్తారు. రోగి వయసు, చేసే పని, బాధ ఎప్పుడు మొదలైంది, ఏ కండరానికి ఎంత బలం ఉంది, ఏ కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, అన్నీ వరసగా చెబుతారు. అంతా విన్నాక నేనొక ప్రశ్న అడుగుతాను. "ఈమె ఇంట్లో స్నానాల గది ఎక్కడుంది?" మూడో ఏడాది పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇంటర్న్‌షిప్ చివరికొచ్చిన పిల్లలు మాత్రం తడుముకోరు. "పెరట్లో ఉంది మేడమ్. మధ్యలో రెండు మెట్లు దిగాలి. పట్టుకోవడానికి ఏమీ లేదు" అంటారు. ఈ చదువులో ఒక విద్యార్థి ఎంత దూరం వచ్చాడో ఆ జవాబుతో నాకు తెలిసిపోతుంది.

ఈ కోర్సుకు వచ్చేవాళ్ళలో చాలామంది ఇంటర్‌లో బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు కోసం ప్రయత్నించి, అది రాక ఇటు వచ్చినవాళ్ళు. మొదటి నెలల్లో ఆ దిగులు కళ్ళలో కనిపిస్తుంది. పెళ్ళిళ్ళలో చుట్టాలు "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగి, జవాబు విని "అంటే కరెంటు పెడతరే, అదా?" అంటారని బాధపడతారు. నేను వాళ్ళకు ఉపన్యాసం ఇవ్వను. ల్యాబ్‌లోకి తీసుకెళ్తాను. అనాటమీ హాల్లో బల్ల మీద చూసిన ఎముకను, బతికున్న మనిషి చర్మం కింద వేళ్ళతో వెతికి పట్టుకునే రోజున ఆ దిగులు సగం తగ్గుతుంది. పిల్లలు ఒకరి మీద ఒకరు నేర్చుకుంటారు. మోకాలి చిప్ప అంచు, భుజం కొన, తుంటి ఎముక గట్టు, వెన్నుపూసల వరస. మొదట సిగ్గు, తర్వాత పట్టుదల. "దొరికింది!" అని ఒకమ్మాయి గట్టిగా అరిస్తే క్లాసంతా అటు తిరుగుతుంది.

మిగతా సగం వార్డులో తగ్గుతుంది. బక్కపల్చటి అమ్మాయి, ఒంట్లో ఒక పక్క చచ్చుబడిన బరువైన మనిషిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చాలి. మొదటిరోజు భయపడని వాళ్ళను నేను చూడలేదు. అతన్ని మంచం అంచుకు జరపాలి. పాదాలను కాస్త వెనక్కి లాగి నేలకు ఆనించాలి. బలంలేని మోకాలికి తన మోకాలు అడ్డుపెట్టాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా అతన్ని ముందుకు వంచాలి. అలా వంగినప్పుడు ఒంటి బరువు పాదాల మీదికి చేరి, నడుం కింది భాగం తేలికై లేస్తుంది. అతనిలో మిగిలిన బలమే అతన్ని లేపుతుంది. ఆ సంగతి తన చేతులతో తెలుసుకున్న రోజు నుంచి ఆ అమ్మాయి నడక కూడా మారుతుంది.

ఆ తర్వాత కొలతలు వస్తాయి. కీలు కదలికకు గోనియోమీటర్. కండరం బలానికి సున్నా నుంచి 5 వరకు అంకెలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ స్థిరపరిచిన పద్ధతి ఇది. భూమి లాగే బరువును ఎదిరించి చెయ్యి పైకి లేచిందంటే 3. మనం నొక్కిపెట్టినా పూర్తి బలంతో నిలిస్తే 5. నిలకడ చూడటానికి బెర్గ్ స్కేల్ ఉంది, 14 పనులు, మొత్తం 56 మార్కులు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసే పరీక్ష ఇంకొకటి. ఇవన్నీ నేర్చుకోవాల్సిందే. కొలవకుండా చేసే వైద్యం మీద నాకు నమ్మకం లేదు.

కానీ ఆ అంకెకు అర్థం ఇంటి దగ్గర తెలుస్తుంది. మామూలుగా నడవడానికి మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే చాలు. కుర్చీలోంచి లేవాలంటే 90 దాటాలి. గొంతుకూర్చోవాలంటే 130 కూడా సరిపోదు. ఆపరేషన్ తర్వాత మోకాలు 100 డిగ్రీలు వంగితే వార్డులో అందరూ సంతోషిస్తారు. ఆమె ఇంటికెళ్ళాక అన్నం నేల మీద కూర్చుని తినాలి, మరుగుదొడ్డిలో గొంతుకూర్చోవాలి, పొయ్యి కూడా నేల మీదే. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళను నేల మీద కూర్చోవద్దనే వైద్యులు ఎక్కువ. మరి ఇంట్లో ఏ ఏర్పాటు చేయాలి? పొయ్యిని గట్టు మీదికి ఎలా మార్చాలి? కమోడ్ కుర్చీ పెట్టే చోటుందా? వార్డులో ఉండగానే విద్యార్థి ఇవి అడగాలి. అడగకపోతే ఆ 100 డిగ్రీలు కేస్ షీట్‌లోనే ఉండిపోతాయి.

ఈ మాట చెప్పేటప్పుడు నేను ప్రతి బ్యాచ్‌కూ జైపూర్ పాదం గురించి చెబుతాను. 1968 ప్రాంతంలో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు డాక్టర్ పి.కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారుచేశారు. అంతకుముందు దొరికే కృత్రిమ పాదాలు బూటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, చదునైన నేల మీద నడిచేవారికి పనికొచ్చేవి. మన రైతు చెప్పుల్లేకుండా బురదలో నడుస్తాడు, గట్టు ఎక్కుతాడు, గొంతుకూర్చుంటాడు, బాసింపట్టు వేసుకుని తింటాడు. ఆ జీవితాన్ని చూసి రబ్బరుతో చేసిన పాదం కాబట్టే అది లక్షల మందిని నడిపించింది. సేఠీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. రోగి బతుకు చూశాకే పరికరం పుట్టింది. మా విద్యార్థులు వేసే చికిత్స ప్రణాళికకూ అదే వరస వర్తిస్తుందని నా వాదన.

ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ పోస్టింగ్ అని ఉంటుంది. పల్లెలకు, బస్తీలకు వెళ్ళే కాలం అది. ఒక ఇంటర్న్ అమ్మాయి, పక్షవాతం వచ్చిన ఒక పెద్దామెను చూడటానికి ఊరికి వెళ్ళింది. ఆసుపత్రిలో ప్యారలల్ బార్ల మధ్య చక్కగా నడిచిన ఆమె ఇంటికొచ్చాక మంచం దిగడం మానేసింది. ఆసుపత్రిలో ఆమె ఎంత నడిచిందో ఈ అమ్మాయి రికార్డులో స్వయంగా రాసుకుంది. అలాంటి మనిషి ఎందుకు పడుకుండిపోయిందో ఇల్లు చూశాక తెలిసింది. నులక మంచం వదులై కిందికి కుంగింది, అందులోంచి లేవడం ఆరోగ్యవంతులకే కష్టం. గది గడప ఎత్తు. పెరట్లోకి దిగేచోట ఆసరా లేదు. వీటికి మించింది కోడలి ప్రేమ. అత్తకు కుడిచెయ్యి పనిచేయడం లేదని మూడు పూటలా స్పూనుతో తినిపిస్తోంది.

ఆ అమ్మాయి మంచం నులక బిగించమని చెప్పి, కోళ్ళ కింద ఇటుకలు పెట్టించి ఎత్తు పెంచింది. మెట్ల పక్కన వెదురు బొంగుతో కమ్మీ కట్టించింది. కోడలితో "అక్కా, పొద్దున టిఫిన్ ఒక్కటి అత్తమ్మను చేత్తో తిననియ్యి. ఆలస్యమైతే కానియ్యి" అంది. మొదట ఇడ్లీ ముక్క, ఎందుకంటే అది వేళ్ళ పట్టుకు దొరుకుతుంది. తర్వాత చపాతీ తుంచడం. చివర్న అన్నం. ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం చిన్న పని కాదు. వేళ్ళు దగ్గరకు రావాలి, ముంజేయి తిరగాలి, మోచేయి వంగాలి, భుజం కాస్త లేవాలి, ఇవన్నీ ఒక వరసలో జరగాలి. పక్షవాతం తర్వాత మెదడు కొత్త దారులు వెతుక్కునేది ఇలాంటి పని పదే పదే చేసినప్పుడే. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఆ అవకాశం ఎక్కువ. ఆ నెలలు మంచం మీద గడిచిపోతే తర్వాత కష్టం రెట్టింపవుతుంది. పోస్టింగ్ అయిపోయే లోపల పెద్దామె పెరుగన్నం తన చేత్తో తింది. సగం కింద పడింది. కోడలు ఏడ్చింది. ఆ రోజు రికార్డులో ఆ అమ్మాయి రాసింది ఒక్క వాక్యం: "కుడిచేత్తో భోజనం చేసింది."

ఇంకో ఇంటర్న్ గీత కార్మికుల ఇంటి పిల్లాడు. అతనికి అప్పగించిన రోగి కూడా గీత కార్మికుడే, తాటిచెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నవాడు. రెండు కాళ్ళలోనూ కదలిక లేదు, స్పర్శ లేదు. "తమ్మీ, ఇగ చెట్టు ఎక్కుడు అయితదా?" అని అడిగాడు. "చెట్టు ముచ్చట డాక్టర్ సారే చెప్తడు అన్నా. మనం ముందుగాల కూసునుడు నేర్చుకుందాం" అన్నాడు పిల్లాడు. అబద్ధపు ఆశ పెట్టలేదు, మనిషిని వదిలెయ్యలేదు. ఆ సంయమనం పరీక్షల్లో వచ్చేది కాదు.

వాడు గమనించిన సంగతి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఏళ్ళ తరబడి చెట్లెక్కిన భుజాలు, చేతులు ఆ మనిషివి. కాళ్ళు పోయినా ఆ చేతులే పెట్టుబడి అని పిల్లాడు లెక్కవేశాడు. ఆ బలంతోనే మంచం మీంచి కుర్చీలోకి జరగడం నేర్పాడు. కుర్చీలో కూర్చున్నప్పుడు చేతులు ఆనించి ఒళ్ళు పైకి లేపి, పిరుదుల మీద ఒత్తిడి తగ్గించుకోవడం నేర్పాడు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని అతని భార్యకు చెప్పి, ఆమె ఫోన్‌లో అలారం పెట్టాడు. చిన్న అద్దంతో మడమలు, నడుం కింది ఎముక రోజూ చూసుకోమన్నాడు. స్పర్శ లేని చర్మం మీద ఒత్తిడి పుండు పడితే అది ఎముకదాకా వెళ్తుంది, ప్రాణం కూడా తీస్తుంది. ఇప్పుడతను ఇంటి ముందు చిన్న కిరాణా దుకాణం నడుపుతున్నాడు. ఇంతవరకు ఒక్క పుండు పడలేదు. జరగని నష్టానికి మార్కుల కాలమ్ ఉండదు. నా దృష్టిలో మా కాలేజీ పేరు చెప్పుకోదగ్గ విజయాల్లో అదొకటి.

వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చి పంపేయడం తేలిక. "రోజుకు రెండు పూటలా పదిసార్లు" అని రాస్తే చాలా ఇళ్ళలో ఆ కాగితం క్యాలెండర్ వెనక్కి చేరుతుంది. ఇల్లు చూసిన విద్యార్థి పనిని వ్యాయామంగా మారుస్తాడు. షుగర్ ఉండి భుజం పట్టేసిన ఆమెకు దండెం మీద బట్టలు ఆరెయ్యమంటాడు, గోడ మీద వేళ్ళు పాకించి రోజూ ఎక్కడిదాకా వచ్చాయో బొగ్గుతో గీత పెట్టమంటాడు. వేళ్ళలో పట్టు తగ్గినవాళ్ళకు పల్లీలు ఒలవమని, చిక్కుడుకాయలకు ఈనెలు తీయమని చెబుతాడు. తొడ కండరం బలహీనమైన తాతకు, టీవీ సీరియల్ మధ్య ప్రకటన వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి కూర్చోమంటాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు మెడనొప్పి వస్తే పని మానెయ్యమని చెప్పడు. మానేస్తే కూలి పోతుంది. చాట ఎత్తు పెంచడం, గోడకు ఆనుకుని కూర్చోవడం, కట్ట పూర్తయినప్పుడల్లా భుజాలు వెనక్కి తిప్పడం నేర్పుతాడు.

మన దేశంలో ఈ చదువు పుట్టిందే అవసరంలోంచి. 1950ల తొలినాళ్ళలో బొంబాయిలో పోలియో పిల్లల కోసం, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో కేఈఎం ఆసుపత్రిలో శిక్షణ మొదలైంది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. నేటి విద్యార్థి ముందుకు పక్షవాతం, మధుమేహం, రోడ్డు ప్రమాదాలు, అరిగిన మోకాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బులు వస్తున్నాయి. ఇవన్నీ నెలలు, ఏళ్ళు సాగేవి. ఆసుపత్రిలో ఉండేది కొద్ది రోజులు, ఇంట్లో బతకాల్సింది మిగతా కాలమంతా. అందుకే ఇంటి దగ్గర చదువు అదనపు అలంకారం కాదంటున్నాను.

ప్రతి సెప్టెంబర్ 8న, ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం నాడు, కాలేజీల్లో సభలు జరుగుతాయి. బంగారు పతకాలు, అమెరికా వెళ్ళి డాక్టరేట్ చేసినవాళ్ళు, క్రీడా జట్ల వెంట తిరిగేవాళ్ళు వేదిక మీదికి వస్తారు. వాళ్ళ కష్టాన్ని నేనూ మనసారా మెచ్చుకుంటాను. వాళ్ళ పక్కనే ఆ పెరుగన్నం రికార్డు రాసిన అమ్మాయికీ, ఆ అలారం పెట్టిన పిల్లాడికీ కుర్చీ వేయాలి.

2021లో కేంద్రం అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద 2025లో వచ్చిన కొత్త ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళిక ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌ను ఏడాది చేసింది. పెరిగిన ఆరు నెలలనూ మళ్ళీ నాలుగు గోడల మధ్య యంత్రాల పక్కనే గడిపితే మనం ఒక మంచి అవకాశం పోగొట్టుకున్నట్టే. కాలేజీ యాజమాన్యాలకు నా విన్నపం: ప్రతి ఇంటర్న్ కొందరు రోగులను వార్డు నుంచి ఇంటిదాకా అనుసరించాలి. వెళ్ళిరావడానికి బండి ఏర్పాటు చేయండి, బస్సు చార్జీలు పిల్లల జేబుల్లోంచి పోనీయకండి. తోడుగా ఒక అధ్యాపకుణ్ణి పంపండి. ఆ ఇంటి రికార్డుకు మార్కులు పెట్టండి. రోగి కుటుంబాలకు ఒక మాట: ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు మీ ఇల్లు ఎలా ఉంటుందో ఫిజియోథెరపిస్టుకు చెప్పండి, వీలైతే ఫోన్‌లో ఫొటోలు తీసి చూపించండి. ఇక విద్యార్థులారా, మీ తర్వాతి రోగి కేస్ షీట్‌లో డిగ్రీలు రాసే ముందు, ఆ మనిషి పొద్దున లేచి మొట్టమొదట ఎక్కడికి నడవాలో అడిగి రాయండి. మీ చికిత్స అక్కడి నుంచి మొదలుపెట్టండి.