మూసలో పట్టనిది

తెలుగు వికీపీడియాలో చాలా ఊళ్ల పేజీలకు అచ్చం ఒకే రూపం. పక్కన సమాచారపెట్టె, కింద వరసగా విద్య, వైద్యం, తాగునీరు, పారిశుధ్యం, రవాణా, భూమి వినియోగం. 2011 జనాభా లెక్కలను ఒక చట్రంలో పోసి వేల పేజీలు నింపారు. చప్పగా ఉన్నాయని విసుక్కునేవాళ్లతో నేను ఏకీభవించను. పేరు మోసిన ఊరినీ, ఎవరికీ పట్టని పల్లెనూ ఒకే ప్రశ్నలు అడిగింది ఆ చట్రమే: బడి ఎంత దూరం, నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతోంది?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పుడు కారంచేడు అనే ఊరు ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాకు వచ్చింది. ఇలాంటప్పుడే మూస (ఒకచోట రాసి చాలా పేజీల్లో పెట్టుకునే ముక్క) విలువ తెలుస్తుంది. మండలంలోని ఊళ్ల జాబితా మూసను ఒక్కచోట దిద్దితే, దాన్ని పెట్టిన పేజీలన్నిటా మార్పు కనిపిస్తుంది. వాక్యాల్లో రాసిన జిల్లా పేరు మాత్రం పేజీ పేజీకీ వెళ్లి చూడాల్సిందే. గంపగుత్తగా "ప్రకాశం" తీసి "బాపట్ల" పెడితే 1985 నాటి కారంచేడు కూడా బాపట్ల జిల్లాలోకి వెళ్లిపోతుంది, చరిత్ర అబద్ధమవుతుంది. అందుకే మారే వివరాలను మూసకు అప్పగించాలి, జరిగిపోయినదాన్ని మనిషి చేత్తో రాయాలి.

ఆ 1985లో కారంచేడులో జరిగింది ఏ పెట్టెలోనూ పట్టదు. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లను పాడుచేస్తుంటే అడ్డుచెప్పినందుకు మొదలైన గొడవ అది. మర్నాడు, 1985 జూలై 17న, కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితులు చనిపోయారు. మిగిలినవాళ్లు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. ఇదంతా చరిత్ర విభాగంలో, ఎవరు ఎవరి మీద దాడి చేశారో తేటగా, వాక్యం వాక్యానికీ మూలంతో ఉండాలి. ప్రముఖుల్లో ఈ ఊళ్లో పుట్టిన నిర్మాత దగ్గుబాటి రామానాయుడు పేరు ఉండాలి, సందేహం లేదు. ఆయన పేరుకు ఇచ్చినంత శ్రద్ధ ఆ ఆరుగురి పేర్లకూ ఇవ్వాలి.

అన్ని ఊళ్లకూ ఉన్నట్టే కారంచేడుకూ తాగునీటి విభాగం ఉంటుంది. కుళాయిలు, బావులు, చెరువులు, అంతే. ఈ ఒక్క ఊరికి అక్కడే ఆ చెరువు గొడవ గురించి ఇంకో వాక్యం చేర్చి, చరిత్ర విభాగానికి లింకు ఇవ్వాలి. చట్రం చెడుతుందని ఎవరైనా అంటే చర్చా పేజీలో వాదించడానికి నేను సిద్ధం.