ముందు ఎలుగుబంటిని వెల్లకిలా తిప్పండి

బ్రియెంట్స్‌లో చెక్కిన ఎలుగుబంటి చేతికొస్తే ముఖం చూసి మురిసిపోకండి. వెల్లకిలా తిప్పి కడుపు కింద వేలు పెట్టి తడమండి. ఎవరి కంటికీ పడని ఆ చోట కూడా ఉలి బొచ్చు తీసి ఉంటే, తొడ మడతలో వెంట్రుకల వాలు మారిందని వేలికి తెలిస్తే, అది మనిషి చేసిన ఎలుగుబంటి. నున్నగా జారిపోయిందా, ఎక్కడ తీశారో అక్కడే పెట్టేసి రండి.

స్విట్జర్లాండ్‌లో బెర్న్ రాష్ట్రానికి చెందిన ఊరు బ్రియెంట్స్. జనం మూడు వేలు. ముందు పద్నాలుగు కిలోమీటర్ల సరస్సు, వెనక 2,350 మీటర్ల రోత్‌హార్న్ కొండ. హిమానీనదాలు నూరిన రాతిపిండి నదుల వెంట వచ్చి కలవడంతో సరస్సు పాలు కలిపిన పచ్చలా ఉంటుంది. కొండకూ నీటికీ మధ్య మిగిలిన సన్నటి పట్టీలో ఊరు ఒదిగింది. ఆ కొండ అందగత్తే, గయ్యాళీ కూడా. 2005లోనూ 2024లోనూ వాగులు బురదనూ బండలనూ ఇళ్ళ మీదికి దొర్లించాయి. మొదటిసారి ఇద్దరి ప్రాణాలు పోయాయి. దున్నుకోవడానికి నేల లేదు, నమ్ముకోవడానికి కొండా లేదు. మిగిలింది చెట్టూ చెయ్యీ.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1815లో ఎక్కడో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. మరుసటి ఏడు ఐరోపాలో వేసవి రాలేదు, పంటలు పోయాయి, ఆకలి వచ్చింది. ఆ కరువు రోజుల్లోనే క్రిస్టియన్ ఫిషర్ అనే బ్రియెంట్స్ మనిషి కొయ్య సామాను చెక్కి, గీస్‌బాఖ్ జలపాతం చూడవచ్చే దొరలకు అమ్మడం మొదలుపెట్టాడంటారు. ఇరుగుపొరుగుకు నేర్పిందీ అతనేనంటారు. 1851 లండన్ మహాప్రదర్శన నాటికి స్విస్ చెక్కడాలు అక్కడ కొలువుదీరాయి. 1884లో ఊళ్ళో చెక్కుడు బడి వెలిసింది. 1892లో రోత్‌హార్న్ మీదికి పళ్ళచక్రాల ఆవిరిబండి ఎక్కింది. ఆ బండి ఇప్పటికీ పొగ కక్కుతూ పైకి పోతూనే ఉంది. ఇక పని దగ్గరికి వద్దాం.

ఇక్కడ ఎక్కువగా వాడేది లిండెన్ చెక్క. మెత్తన, నార బయటపడదు, ఉలి ఎటు తిరిగితే అటు వస్తుంది. ముదురు రంగు కావాలంటే వాల్‌నట్. ఇంతే సరుకు. గొప్పతనం మొద్దును నిలబెట్టడంలో మొదలవుతుంది. కొండమేక కాళ్ళు పుల్లల్లా ఉంటాయి కాబట్టి చెక్క నార కాలి పొడుగునా నిలువుగా పోవాలి. అడ్డంగా పోయిందా, చీలమండ దగ్గర పుటుక్కుమంటుంది. కాళ్ళకు నార నిలువుగా కుదిరితే వెనక్కి వంగిన కొమ్ములకు అడ్డం తిరుగుతుంది. ఈ తగువు తీర్చుకున్నాకే మొదటి దెబ్బ. పక్క నుంచి కనిపించే రూపు, ఎదుటి నుంచి కనిపించే రూపు మొద్దు మీద గీసి రంపంతో కోస్తారు. వెడల్పు ఉలి, కొయ్యసుత్తితో మోటుగా దించుతారు. సుత్తి పక్కన పెట్టి రెండు చేతులతో ఉలిని తోసే ఘడియ వచ్చేసరికి పనిమంతుడు ఊపిరి కూడా లెక్కపెట్టి పీలుస్తాడేమో అనిపిస్తుంది.

బల్ల మీద డజన్ల కొద్దీ ఉలులు బారు తీరి ఉంటాయి. ఒకటి గోరంత వెడల్పు, ఒకటి అరచేయంత. ఒకటి చదును, ఒకటి దోనెలా గుంట, ఒకటి కొన దగ్గర చెంచాలా వంపు. చూడకుండా చెయ్యి చాపి కావలసినదాన్నే అందుకోవడం వస్తే పని వచ్చినట్టు. బొచ్చు తీసేది రెండు అంచులు కోసుగా కలిసిన ఉలి. ముక్కు మీద వెంట్రుక పొట్టి. భుజం మీద సుడి తిరుగుతుంది. కడుపు కింద బారెడై వేలాడుతుంది. ఏ రెండు గీతలూ ఒక్కలా ఉండవు, ఏ గీతనూ మళ్ళీ దిద్దరు. ఉప్పుకాగితం జోలికే పోరు. దాని ఇసుక చెక్కలో దిగితే ఉలి పదును పోతుంది, బొమ్మకు ప్రాణం పోతుంది.

ఈ ఊరి పెద్దల పేర్లు తలచుకుంటే నాకు మాట ఆగదు. యోహాన్ హుగ్లర్ (1834–1912) అందరికీ పెద్దదిక్కు. మనిషినైనా మేకనైనా ఎముక ఎక్కడుందో ఎరిగి చెక్కిన చెయ్యి అది. హన్స్ హుగ్లర్-వీస్ (1877–1947) క్రీస్తు జననపు బొమ్మల్లో ఉలి పలకలను దాచకుండా వదిలేశాడు. గొర్రెల కాపరి దుప్పటి మడత చూడండి, నాలుగే నాలుగు కోతలు, చలి మొత్తం అందులోనే ఉంది. పేరు తెలియనివాళ్ళ ఘనత ఇంకా పెద్దది. చెట్టెక్కిన కూన, కింద తల్లి, కొమ్మలకు మన కోటు తగిలించుకోవాలి. రెండు ఎలుగుబంట్లు చెరో వైపూ పట్టుకున్న బల్ల, దాని మీద మనం కూర్చోవాలి. నవ్వొస్తుంది, తర్వాత ఆ పంజాల గోళ్ళు చూశాక నవ్వు ఆగిపోతుంది.

ఇంత చేసిన ఊరికి దక్కిన బహుమానం ఏమిటో తెలుసా? పేరు పోవడం! పాత సామాను వర్తకులు ఈ ఎలుగుబంట్లను ఏళ్ళ తరబడి ‘బ్లాక్ ఫారెస్ట్’ పనిగా అమ్మారు. అది జర్మనీలోని అడవి, గడియారాలకు పేరుమోసింది. బ్రియెంట్స్ బిడ్డకు పక్క దేశపు ఇంటిపేరు తగిలించారన్నమాట. పరిశోధకులు తేల్చి చెప్పాక కూడా వేలంపాటల జాబితాల్లో ఆ మాట చావలేదు. తప్పని తెలిసీ రాసేవాణ్ణి ఏమనాలి?

పేరు పోయింది సరే, పనికే ఎసరొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంతో యాత్రికులు ఆగిపోయి పొయ్యిలు చల్లారాయి. తర్వాత నకలు యంత్రం దిగింది. ఒక అసలు బొమ్మ మీద మొండి సూది పాకుతుంటే, పక్కన వరసగా బిగించిన మొద్దుల మీద తిరిగే కోతముళ్ళు అదే రూపు దింపేస్తాయి. పైన నాలుగు గీతలు గీకి ‘చేతిపని’ అని చీటీ అంటిస్తారు. కడుపు కిందికి, తొడ సందులోకి ఆ ముల్లు దూరదు. అందుకే మొదట్లో తిప్పి చూడమన్నాను. ఒకసారి నేనూ మోసపోయాను. ఎక్కడో ఒక యాత్రాస్థలపు కొట్టులో ముచ్చటపడి కొన్నాను, ఇంటికొచ్చి తిప్పితే కడుపు కోడిగుడ్డు! ఆ బొమ్మ ఇప్పుడు మా తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంది. తగిన ఉద్యోగమే.

యంత్రం వల్లే పదిమందీ కొనగలుగుతున్నారని వాదించేవాళ్ళున్నారు. నేను ఉలి పక్షం, దాచను. పదిమందికీ పంచాల్సింది మంచి పని. దాని ముసుగు కాదు.

బడి ఇంకా ఉంది. కొయ్యశిల్పం నేర్పడానికి ఆ దేశంలో ఉన్నది అదొక్కటే. నాలుగేళ్ళ శిక్షణ, చేరేది కొద్దిమంది. ఏళ్ళు పోసి నేర్చిన చెయ్యి, గంటలో దిగిన నకలుతో ధరలో పోటీ పడాలి. ఇది న్యాయమా?

మనవాళ్ళు ఇంటర్‌లాకెన్ దాకా వెళ్తారు, మంచు మీద ఫొటో దిగుతారు, చాక్లెట్లు కొని తిరిగొస్తారు. అక్కడి నుంచి బ్రియెంట్స్ రైల్లో ఇరవై నిమిషాలు. సామాను కొనకపోయినా పర్లేదు, ఏదో ఒక పనిగది కిటికీ దగ్గర కాసేపు నిలబడండి. కొనేటట్టయితే పది నకళ్ళ డబ్బుతో ఒక్కటి కొనండి, అరచేతిలో పట్టేంత చిన్నదైనా సరే. కొట్టువాడు ముఖం చూపిస్తాడు, కళ్ళ మెరుపు చూపిస్తాడు. మీరు నవ్వుతూ అందుకుని, వెల్లకిలా తిప్పండి.