రాయి మార్చే వేళ

మంగలి కత్తి ఆఖరి రాయి మీద పాడవదు. మొదటి రాయి మీంచి తొందరపడి తీసినప్పుడే పాడవుతుంది. గడ్డం మీద గీరుకుంటూ పోయే కత్తిని చూసి మెత్తని రాయి సరిగా పట్టలేదనుకుంటారు చాలామంది. మళ్లీ ఆ మెత్తని రాయి మీదే గంటసేపు తిప్పుతారు. కత్తి తళతళలాడుతుంది గానీ వెంట్రుక తెగదు.

ఇది ఎందుకు తప్పో రాతి పని చూస్తే తెలుస్తుంది. ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే దారిలో, పాలేరు జలాశయానికి దగ్గర్లో కుసుమంచి ఉంది. కాకతీయుల కాలం నాటి గణపేశ్వరాలయం, ముక్కంటేశ్వరాలయం అక్కడి గుళ్లు. గరుకు రాతిని నున్నగా చేసే పనికీ కత్తి నూరే పనికీ సూత్రం ఒకటే. ముందరి పనిముట్టు వదిలిన గాటు పోయేదాకా తర్వాతి పనిముట్టు పట్టకూడదు. ఉలిగాటు మిగిలిన చోట ఎంత మెరుగు పెట్టినా ఆ గాటు మెరుపులోంచి బయటపడుతుంది. అయితే శిల్పికి గాటు కంటికి కనబడుతుంది. కత్తి నూరేవాడికి అంత తేలిగ్గా కనబడదు. వెలుతురుతో, వేలితో, చెవితో, రాయి మీద నీటి కదలికతో తెలుసుకోవలసిందే.

ఈ ప్రాంతపు ఊళ్లలో నాయీ బ్రాహ్మణుల పని ఊరందరి పని. పుట్టువెంట్రుకల దగ్గర నుంచి కర్మ నాటి క్షౌరం దాకా వాళ్లు లేకుండా ఏ ఇంట్లోనూ కార్యం గడిచేది కాదు. పంట చేతికొచ్చినప్పుడు కళ్లం దగ్గర కొలిచిచ్చే గింజలే చాలా కుటుంబాలకు ఏడాది కూలి. చంకలో పొది, పొదిలో కత్తి, కత్తెర, గోళ్లు తీసే పనిముట్టు, నీళ్ల గిన్నె, సానరాయి, తోలుముక్క. ఊళ్లో పసివాడి లేత మాడు నుంచి ముసలాయన ముడతల చెంప దాకా ఆ ఒక్క కత్తే నడవాలి. పసివాడి తల మీద తెగితే సరిపోదు, తెగుతున్నట్టు తెలియకూడదు కూడా. ఆ మెత్తదనం రాయి దగ్గరే రావాలి.

కత్తి రూపం చూస్తే సగం విషయం అర్థమవుతుంది. వెన్ను లావుగా ఉంటుంది, మధ్యలో గుంట పడి సన్నబడుతుంది, చివర వాదర. నూరేటప్పుడు కత్తిని పూర్తిగా పడుకోబెడతారు. వెన్నూ వాదరా రెండూ రాతిని తాకుతాయి. కోణం ఎంతన్నది చెయ్యి నిర్ణయించదు, వెన్ను లావే నిర్ణయిస్తుంది. సాధారణంగా అది పదిహేను, ఇరవై డిగ్రీల మధ్య ఉంటుంది. వంటింటి కత్తిని ఎత్తిపట్టి నూరినట్టు దీన్ని నూరితే ఆ రోజుతో దాని లెక్క తప్పుతుంది. వాదర ముందుకు పోయేలా తోస్తారు, పిడి వైపు నుంచి మొన వైపుకు ఏటవాలుగా జారుస్తారు. వెనక్కి తిప్పేటప్పుడు వెన్ను మీదుగా దొర్లిస్తారు తప్ప వాదర మీదుగా ఎప్పుడూ దొర్లించరు.

మొదటి రాయి పని ఒక్కటే. వాదరకు రెండు పక్కలా ఉన్న వాలులను ఒకే గీత మీద కలపాలి. ఆ రెండూ పిడి దగ్గర నుంచి మొన దాకా ఎక్కడా వెంట్రుకవాసి ఖాళీ లేకుండా కలిస్తే ఈ రాయి పని అయిపోయినట్టు. ఎక్కడో ఒక చోట కలవకపోతే అయిపోనట్టే. ఇక్కడ ఎన్నిసార్లు తిప్పారన్న లెక్క పనికిరాదు. ఒక కత్తి ఉక్కు మెత్తన, ఇంకోటి గట్టి. ఒకదాని వెన్ను సమంగా అరిగి ఉంటుంది, ఇంకోటి వంకర తిరిగి ఉంటుంది. లెక్కపెట్టుకుని నూరేవాడి కత్తిలో పదును ఒకచోట ఉంటే ఇంకోచోట ఉండదు.

మరి ఎలా తెలుస్తుంది? కత్తిని వెలుతురుకెదురుగా, వాదర కంటి వైపు ఉండేలా పట్టాలి. మొద్దు అంచుకు వెడల్పు ఉంటుంది, కాబట్టి వెలుగు దాని మీద పడి సన్నని తెల్లగీతగా మెరుస్తుంది. ఆ గీత పూర్తిగా మాయమవ్వాలి. ఎక్కడ మెరుపు చుక్క మిగిలితే అక్కడ ఇంకా పని ఉంది. రెండో పరీక్ష బొటనవేలి కండతో. అంచు పొడవునా కాకుండా అడ్డంగా, బరువు వేయకుండా తాకిస్తే పదును చర్మాన్ని పట్టుకుంటుంది, మొద్దు జారిపోతుంది. తడి గోటి మీద ఆనించి చూసేవాళ్లూ ఉన్నారు. మొరటు రాయి దశలో అది ఫరవాలేదు, ఆ తర్వాత చేస్తే గోరే వాదరను చెడగొడుతుంది. ఆఖరిది ముంజేతి వెంట్రుకలు. పిడి దగ్గరా, మధ్యలోనూ, మొన దగ్గరా మూడు చోట్లా చర్మానికి ఆనించి గీస్తే మూడు చోట్లా ఒకే తీరుగా తెగాలి. మధ్యలో తెగి మొన దగ్గర తెగకపోతే, మొన దగ్గర కత్తి రాతి మీంచి తేలుతోందని అర్థం.

ఇవన్నీ కుదిరాకే రెండో రాయి. ఇప్పుడు అంగట్లో దొరికే రాళ్ల మీద అంకెలుంటాయి. వెయ్యి అంకె రాతిలో రేణువు సుమారు పది, పదిహేను మైక్రాన్లు. ఎనిమిది వేల అంకె రాతిలో ఒకటి నుంచి మూడు మైక్రాన్ల లోపు. ఇంత సన్నని రేణువు లోపాన్ని దిద్దలేదు, ఉన్నదాన్ని నునుపు చేస్తుందంతే. కలవని వాలుల మీద దాన్ని ఎంతసేపు తిప్పినా పక్కలు మెరుస్తాయి, అంచు మొద్దుగానే ఉంటుంది.

పొదిలో ఒకే రాయి ఉన్నవాళ్ల సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. రాయిని ఇంకో రాతిముక్కతో రుద్ది బురద తీస్తే అందులోని వదులు రేణువులు చురుగ్గా కోస్తాయి. నూరుతున్నకొద్దీ ఆ బురదను నీటితో పలచన చేస్తూ పోతే కోత తగ్గి నునుపు పెరుగుతుంది. చివరికి ఒట్టి నీళ్లు మిగులుతాయి. బెల్జియంలో గార్నెట్ ఖనిజపు రేణువులతో నిండిన పసుపు రాతి మీద కత్తులు నూరేవాళ్లు నేటికీ ఇదే పద్ధతి పాటిస్తారు. రాయి మారదు, నీటి పాళ్లు మారతాయి. ఎప్పుడు చుక్క వేయాలన్నదే ఇక్కడ రాయి మార్చే వేళ.

ఆ నీళ్లే గుర్తు కూడా ఇస్తాయి. అంచు మొద్దుగా ఉన్నంతసేపు కత్తి నీటిని తన ముందు తోసుకుంటూ పోతుంది. అంచు సన్నబడి రాతికి ఆనుకుపోయాక నీటి కిందికి దూరుతుంది, నీరు కత్తి మీదికెక్కుతుంది. చప్పుడు కూడా మారుతుంది. బరబరమనేది తగ్గి, చివరికి దాదాపు వినబడదు. కత్తి రాతికి అతుక్కుంటున్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పటికి వేలి బరువు కూడా తీసేయాలి, కత్తి సొంత బరువు చాలు. ఇంకా నూరితే అంచు మరీ పలచబడి రేకులా అటూ ఇటూ వంగుతుంది. ఆలస్యమూ తప్పే. అలా జరిగితే వాదరను రాతి మూలకు ఆనించి తేలిగ్గా ఒకటి రెండుసార్లు గీసి, ఆ రేకును పడగొట్టి, మళ్లీ కలుపుకోవాలి.

ఈ క్రమం ఎంత పాతదో సుశ్రుత సంహిత చూస్తే తెలుస్తుంది. సూత్రస్థానంలో శస్త్రాల వాడకానికి ఒక అధ్యాయమే ఉంది. పదును పెట్టడానికి మినుముల రంగు నున్నటి రాయి, వాదర నిలపడానికి బూరుగు చెక్క చెప్పాడు సుశ్రుతుడు. రాయి తర్వాత రాయి కానిది! భద్రాచలం అడవి అంచున ఎర్రగా పూసే బూరుగు చెట్టుదే ఆ చెక్క. మన పొదుల్లో ఆ పని తోలు చేసింది, చాలాసార్లు అరచెయ్యే చేసింది. దాని మీద కత్తిని వెన్ను ముందుగా లాగుతారు. రాతి మీద పోయే తీరుకు ఇది ఎదురు. శస్త్రం సిద్ధమైందనడానికి సుశ్రుతుడు పెట్టిన పరీక్ష కూడా వెంట్రుక కోయడమే. వైద్య గ్రంథంలో రాస్తే శాస్త్రమైంది. అదే పరీక్షను ముంజేతి మీద రోజూ చేసిన మనిషిని, ఊళ్లో కురుపులు కోసి చీము తీసిన మనిషిని, వాకిట్లోనే కూర్చోబెట్టి పంపారు. ఇది మనం చేసిన అన్యాయం.

ఇప్పుడు దుకాణాల్లో సగానికి విరిచిన బ్లేడు పిడిలో బిగించి వాడుతున్నారు. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదన్న జాగ్రత్త హెచ్ఐవి భయంతో బలపడింది, అది మంచిదే. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చింది. దుకాణం నిలబడింది, రాయి మాత్రం అటక ఎక్కింది. చాకలి కొత్త, మంగలి పాత అని ఊరికే అనలేదు. ఈ విద్యలో ఏళ్లు గడిచేకొద్దీ చేతికి పట్టుబడేది ఎక్కడ ఆగాలో, ఎప్పుడు రాయి మార్చాలో అన్నదే. పెద్దల చేతుల్లో అదింకా ఉంది. ఆ చేతి కింద చెయ్యి పెట్టి కత్తి తిప్పితే తప్ప రాతి మీద బరువెంతో తెలియదు.

అటక మీది కత్తి దించితే తుప్పు చూడండి. పైపై మరకైతే రాయి అక్కర్లేదు. వాదర దాకా గుంటలు పడితే మాత్రం మొదటి రాయి నుంచే మొదలుపెట్టాలి, గుంటలన్నీ అరిగేదాకా దిగకూడదు. ఒకసారి వాలులు కుదిరిన కత్తికి మళ్లీ మొరటు రాయి ఏళ్ల తరబడి అవసరం రాదు. ప్రతిసారీ తోలు, పదును తగ్గినప్పుడు మెత్తని రాయి మీద కాసేపు, వానాకాలం పొడిగుడ్డతో తుడిచి ఒక నూనెచుక్క. నేల మీద పడి అంచు చిట్లితేనే మళ్లీ మొదటి రాయి దగ్గరికి రావాలి.