బారసాల ఒక్కసారే

ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు వర్చువల్ మెషీన్లు నడుపుకోవడం నాకు చాన్నాళ్ల అలవాటు. మొదట్లో ఐఎస్ఓ తగిలించి, భాష ఏది, టైమ్ జోన్ ఏది, డిస్క్ ఎలా పంచాలి అని ఇన్‌స్టాలర్ అడిగినవాటికల్లా జవాబు చెబుతూ కూర్చునేవాణ్ని. విసుగొచ్చి, ఒకటి చేసుకుని దాన్నే కాపీ కొట్టడం మొదలుపెట్టాను. అక్కడే దొరికిపోయాను.

రెండు మెషీన్లూ లేచాయి. మ్యాక్ అడ్రస్‌లు వేరు. అయినా రెండూ ఒకే ఐపీ పట్టుకుని కూర్చున్నాయి. ఒకదాన్ని పిలిస్తే ఇంకోటి పలుకుతోంది. మధ్యాహ్నమంతా రౌటర్‌ని తిట్టుకున్నాను. పాపం, దాని తప్పేం లేదు. ఈటీసీ ఫోల్డర్‌లో మెషీన్-ఐడీ అని 32 అక్షరాల ఫైలొకటి ఉంటుంది. ఉబుంటు సర్వర్ ఐపీ అడిగేటప్పుడు దాని నుంచి అల్లిన గుర్తింపే చూపిస్తుంది. డిస్క్‌తో పాటు ఆ ఫైలూ కాపీ అయింది. రౌటర్‌కి ఇద్దరూ ఒక్కరే.

ఉబుంటు వాళ్లిచ్చే క్లౌడ్ ఇమేజ్ గొప్పదనం అప్పుడర్థమైంది. సిస్టమ్ మొత్తం సిద్ధంగా ఉంటుంది, ఊరూ పేరూ తప్ప. మెషీన్-ఐడీ ఖాళీ. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు లేవు. పాస్‌వర్డ్ లేదు. మొదటి బూట్‌లో సిస్టమ్‌డీ ఐడీ పుట్టిస్తుంది, అందులోనే ఉండే క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రామ్ మిగతా బారసాల జరిపిస్తుంది: హోస్ట్‌నేమ్ పెడుతుంది, కీలు తయారుచేస్తుంది, డిస్క్ ఉన్నంత మేరా పార్టిషన్‌ను సాగదీస్తుంది. ఏం చేయాలో యూజర్-డేటా, మెటా-డేటా అనే రెండు ఫైళ్లలో రాసి, 'సీఐడేటా' అని లేబుల్ వేసిన బుల్లి ఐఎస్ఓలో పెట్టి తగిలించాలి, అంతే.

అంతే అనుకున్నాను గానీ, యూజర్-డేటా మొదటి వరుసలో హ్యాష్ గుర్తుతో 'క్లౌడ్-కాన్ఫిగ్' అని ఉంటే, కామెంటే కదా అని కొట్టేశాను. అది కామెంట్ కాదట, చీటీ మీద చిరునామా. మెషీన్ లేచింది, లాగిన్ అడిగింది, లోపలికి పోయే దారి లేదు. వరుస తిరిగి పెట్టి రీబూట్ చేసినా ఉలకలేదు. మెటా-డేటాలో ఇన్‌స్టెన్స్-ఐడీ మారలేదు కాబట్టి, ఈ బిడ్డకి బారసాల అయిపోయిందనుకుంది క్లౌడ్-ఇనిట్.

బాగుచేయడం మానేసి ఆ మెషీన్‌ని తీసిపారేశాను. ఇప్పుడు చిన్న స్క్రిప్ట్ ఉంది. అసలు ఇమేజ్‌ను ముట్టుకోదు. దాని మీద క్యూకౌ2 పొర ఒకటి పరుస్తుంది. పుట్టినప్పుడు ఆ పొర కొన్ని వందల కేబీలే, రాసేవన్నీ అందులోకే పోతాయి. మూడు పేర్లిస్తే మూడు మెషీన్లు లేస్తాయి. పిలిస్తే ఎవరికి వాళ్లే పలుకుతున్నారు.