ఏ నెల చిత్రం?

అడవి పెరిగిందనో తరిగిందనో చెబుతూ ఎవరైనా ఉపగ్రహ చిత్రం చూపిస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఇది ఏ నెలలో తీసింది?

మన దక్కన్‌వి ఎక్కువగా ఆకురాల్చే అడవులు. మెదక్ జిల్లా నర్సాపూర్ వైపు వెళ్లి చూడండి. కార్తీకంలో అడవి నిండుగా ఉంటుంది. ఫాల్గుణం వచ్చేసరికి టేకు మోడుబారుతుంది, మోదుగ కొమ్మకు పువ్వే తప్ప ఆకుండదు. చెట్లు ఉన్నచోటే ఉన్నాయి, రాలింది ఆకు. పచ్చని ఆకు ఎర్రని వెలుగును పీల్చుకుని, కంటికి ఆనని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ రెంటి తేడాతోనే ఉపగ్రహ చిత్రాలు చదివే మేం పచ్చదనం లెక్క కడతాం. నవంబరు చిత్రం పక్కన మార్చి చిత్రం పెట్టి అడవి నరికేశారంటే ఆ మాట నిలవదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఎక్కువగా అక్టోబరు-డిసెంబరు చిత్రాలనే తీసుకోవడానికి ఇదీ ఒక కారణం.

దేశంలో ఉపగ్రహ చిత్రాలతో అడవిని తొలిసారి లెక్కగట్టింది హైదరాబాదులోని అప్పటి నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ (ఎన్‌ఆర్‌ఎస్‌ఏ). 1972-75, 1980-82 చిత్రాలను పోల్చి చూసింది. ఇప్పుడు వాడే మన ఉపగ్రహాల లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో పిక్సెల్ పొడవూ వెడల్పూ 23.5 మీటర్లు. ప్లాట్లు కొనే మా హైదరాబాదు శివారు తెల్లాపూర్ లెక్కలో సుమారు 660 గజాలు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2లో 10 మీటర్లే, దాదాపు ఒక గుంట. ఆ గుంటలో ఉన్నది ఒక్క మర్రా, పది తుమ్మలా అన్నది పిక్సెల్ చెప్పదు.

మాకు దగ్గర్లోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం ఆపమని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. నేల చదును చేస్తే చిత్రంలో దాగదు. ఆ పనికి ఉపగ్రహం గట్టి సాక్షి. అసలక్కడ ఉన్నది అడవేనా అని అడిగితే మాత్రం చిక్కే. ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారుకు మించిన నేలపై 10 శాతానికి పైగా చెట్ల నీడ ఉంటే చాలు, అది ఎవరిదైనా, ఏ చెట్టైనా అటవీ విస్తీర్ణమే. మామిడి తోటా అంతే, జామాయిల్ తోటా అంతే. నెమళ్లు తిరిగే రాళ్లూ ముళ్లపొదలూ ఉన్న కంచలో నీడ 10 శాతం దాటకపోతే ఆ లెక్కలోకే రాదు. దక్కన్ నేలకు ఈ కొలత అన్యాయం చేస్తుందని నా గట్టి అభిప్రాయం.

పిక్సెల్ చెప్పనిది నేల మీద నడిస్తేనే తెలుస్తుంది. చిత్రం చూసేవాళ్లకు జీతాలున్నాయి. టేపు, జీపీఎస్ పట్టుకుని ఆ పొదల్లోకి నడిచి, ఏ మొక్క, ఎంత లావు, ఏ జంతువు జాడ అని రాసుకొచ్చేవాళ్ల పోస్టులూ ప్రతి అటవీ పరిశోధన బడ్జెట్‌లో ఉండాలి.